ఇరవై అయిదు బొమ్మల కట్ట

వాగు పొంగి కల్వర్టును ఊడ్చుకుపోయిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. తెలంగాణ కోసం సార్లంతా సమ్మెకు దిగి, నెలన్నర దాకా బళ్ళు మూతపడి మళ్ళీ తెరిచారు చూడండి, ఆ ఏడే. కల్వర్టు పోయి ఏడాది దాటినా కట్టించే నాథుడు లేడు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు రోడ్డు మీదే దించేసి పోయేది. ఊళ్ళోకి రావాలంటే ఎంతటివాడైనా మోకాలి లోతు నీళ్ళలో దిగాల్సిందే.

బడి సారు లక్ష్మీరాజం కూడా అట్లాగే వచ్చేవాడు. కామారెడ్డిలో ఇల్లు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో టిఫిను డబ్బా పట్టుకుని వాగు దాటేసరికి పొద్దు బారెడు పైకి వచ్చేది. ఊరి బడికి ఆయనొక్కడే సారు. అయిదు తరగతులకు కలిపి ఒక గది, ఒక వరండా.

బడికి ఎదురుగానే లస్మయ్య ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. ఊళ్ళో ఇంటింటా ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. వాళ్ళ కత్తెరలకు సాన పట్టడం ఆయన పని. కత్తెర చేతిలో పెడితే తీసుకుంటాడు, పదును పెట్టి ఇస్తాడు. అంతవరకే. ఉలుకూ పలుకూ లేని మనిషని ఊరంతటికీ తెలుసు. చిన్నప్పుడు మూడు జమాతులు చదివాడు కాబట్టి, ఏదైనా కాయితం వస్తే మాత్రం అందరూ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు.

సారుకు ఈ ముసలాయన పొడ గిట్టదు. దానికి కారణం ఉంది. వాగు పొంగిన కొత్తలో ఒకరోజు సారు అవతలి ఒడ్డున నిలబడి కేకేశాడు.

"ఏ లస్మయ్యా! జర ఇటు రా. నన్ను భుజం మీద కూసోబెట్టుకొని దాటియ్యి. బట్టలు ఖరాబైతయి."

లస్మయ్య సారును చూశాడు. నీళ్ళను చూశాడు. భుజం మీది తువాల తీసి దులుపుకుని, మళ్ళీ వేసుకుని, వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు కిసకిస నవ్వారు. ఆ నవ్వు సారు చెవుల్లోంచి పోలేదు. అప్పటి నుంచి లస్మయ్య మీద మంట వచ్చినప్పుడల్లా దాన్ని ఆయన మనుమరాలి మీద తీర్చుకునేవాడు.

ఆ పిల్ల పేరు రమ్య. మూడో తరగతి. తల్లీతండ్రీ భివండిలో మగ్గాల పనికి పోతే తాత దగ్గర ఉంటోంది. నోరు తెరవదు, తాత పోలికే. అక్షరాలు కూడబలుక్కుని చదవమంటే నేల చూపులు చూసేది. "ఓ మూగదానా, నీకు బడెందుకే, మీ అవ్వ పక్కన చాట పట్టుకొని కూసోరాదు" అనేవాడు సారు. ఇంట్లో అవ్వ ఈరవ్వ మాట కూడా అదే. "అక్షరం ముక్క రాకపాయె. ఈ ఏడు చూస్త. వచ్చే ఏడు సంది బడి బంద్. చాట ముందల కూసోబెడ్త" అని తెగేసి చెప్పింది. లస్మయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు. పిల్ల పలకను మాత్రం రోజూ పొద్దున్నే బొగ్గు ముక్కతో నల్లగా రుద్ది పెట్టేవాడు.

ఇక పుస్తకాల సంగతి. పిల్లలకు బొమ్మలు చూపించి చదువు చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి, దాంతోపాటు ఒక అట్టపెట్టెడు బొమ్మల పుస్తకాలు వచ్చాయి. నున్నటి కాయితం, నిగనిగలాడే రంగులు. వారంవారం పిల్లలకు ఇవ్వాలని రాసి ఉంది. సారు వాటిని లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "పోరగాండ్లు చింపితే జవాబు చెప్పేది ఎవడు? నేనా, వీండ్ల అయ్యలా?" అన్నాడు. పైవాళ్ళు ఎవరైనా వస్తున్నారని తెలిస్తే వరండాలో తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు వరసగా వేలాడదీసేవాడు. వచ్చినవాళ్ళు బాగుంది బాగుంది అని పోయాక మళ్ళీ బీరువాలోకే. పిల్లలు వాటిని దూరం నుంచి చూడటమే కానీ ముట్టుకున్నది లేదు.

సమ్మె అయిపోయి బళ్ళు తెరిచిన రెండో వారం, శనివారం నాడు సారుకు కబురు వచ్చింది. సోమవారం మండలం నుంచి స్వామిదాసు సారు తనిఖీకి వస్తున్నాడు. ఈయన తాడు మీది పుస్తకాలు చూసి పోయే రకం కాదు, పిల్లల చేతికిచ్చి చెప్పించుకునే రకం. లక్ష్మీరాజం సారు గబగబా బీరువా తీసి పిల్లకొక పుస్తకం పంచాడు.

"ఇండ్లకు కొంచబోయి మంచిగ చూడుండ్రి. సోమవారం ఏ బొమ్మ చూపిస్తే ఆ బొమ్మ గురించి చెప్పాలె. ఒక్క కాయితం నలిగినా, చినిగినా తోలు ఒలుస్త. సమజయ్యిందా?"

రమ్యకు వచ్చిన పుస్తకంలో ఒక మేకపిల్ల తప్పిపోయి సంతంతా తిరుగుతుంది. ఆకుకు ఒక పక్క బొమ్మలు, వెనక పక్క రాత. పిల్ల దాన్ని గుండెకు అదుముకుని ఇల్లు చేరింది. ఆ రోజూ మరునాడు పొద్దున్నా దాన్ని విడవలేదు. అన్నం తింటూ కూడా చూసింది.

ఆదివారం మధ్యాహ్నం ఈరవ్వ గడప దగ్గర చాట ముందేసుకుని బీడీలు చేస్తోంది. పక్కనే రమ్య కూర్చుని నానబెట్టిన తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తిరిస్తోంది. బడి లేనప్పుడు అది ఆమె పని. బీడీల ఇంట్లో పుట్టిన పిల్లకు ఆకును చూస్తే ఒకటే తెలుసు: రేకు ఎక్కడ పడుతుందో చూడాలి, పనికొచ్చేది కత్తిరించాలి, మిగిలిన ఈనెలు పారేయాలి. ఇరవై అయిదు అయితే కట్ట కట్టాలి.

కొంచెంసేపటికి పిల్ల కత్తెర ఆపి పుస్తకం తెరిచింది. వేలు పెట్టి ఏదో లెక్కపెట్టుకుంది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. లేచి, వేపచెట్టు నీడలో సాన పడుతున్న తాత దగ్గరికి వచ్చింది.

"తాత, పన్నెండు ఆకులున్నయి. ఆకుకు రెండు బొమ్మలు. అట్ట మీద మేకపిల్ల ఒకటి. ఎన్ని?"

లస్మయ్య మనసులో లెక్క కట్టాడు. "ఇరవై అయిదు."

"ఒక కట్ట!" పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. "సరిగ్గ కట్ట చేసిండ్రు తాత. రేకు పెట్టి చూసిన, బొమ్మ మీద సరిగ్గ కూసుంటుంది. కొయ్యనీకే చేసిండ్రు. సార్ ఒక్కొక్క బొమ్మ చూపిచ్చి అడుగుతడంట. కొయ్యాల్నా?"

ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడటం లస్మయ్య అంతకు ముందు వినలేదు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. రేకు పెట్టి చూశాడు. నిజమే, కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. తాను చదివిన మూడు జమాతుల్లో బొమ్మల పుస్తకమన్నది చూసి ఎరగడు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో, ఇరవై అయిదు అయితే మాత్రం ఊరికే చేయరనిపించింది. తల ఊపాడు. అంతేకాదు, సాన మీద ఉన్న కత్తెరల్లో చిన్నదాన్ని ఏరి, దానికి ఇంకో నాలుగు పట్లు పట్టి పిల్ల చేతిలో పెట్టాడు.

పొద్దు వాలేసరికి పని అయింది. ఒక్క బొమ్మ అంచు వంకర పోలేదు. ఒక్కటి నలగలేదు, చినగలేదు. పిల్ల వాటిని నేల మీద పరిచి, తాతకు వినపడేటంత గొంతుతో, మేకపిల్ల గాజులమ్మే ఆమె దగ్గరికి ఎట్లా పోయిందో, డప్పుకు ఎట్లా బెదిరిందో, ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ తన ఇష్టం వచ్చినట్టు మార్చి మార్చి చెప్పింది. లస్మయ్య సాన పట్టడం ఆపి విన్నాడు. తర్వాత పిల్ల ఇరవై అయిదింటినీ బొత్తిగా పెట్టి, బీడీ దారంతో రెండు చుట్లు చుట్టి ముడి వేసింది.

సోమవారం సారు పొద్దున్నే వచ్చాడు. తాడు కట్టించి పుస్తకాలు ఒక్కొక్కటే అడిగి తీసుకుంటున్నాడు. రమ్య వంతు వచ్చింది. పిల్ల రెండు చేతులతో కట్ట ముందుకు చాచింది. చంకలో బొక్కలు పడ్డ పుస్తకం.

సారు ముందు అర్థం చేసుకోలేకపోయాడు. పుస్తకం లాక్కుని తెరిచాడు. ఆకు ఆకుకూ రెండు కిటికీలు. అట్ట మీద మేకపిల్ల ఉండాల్సిన చోట అవతలి గోడ కనపడుతోంది.

"ఏందే ఇది?"

"కట్ట, సార్," అంది రమ్య.

చెంప మీద పడిన దెబ్బ బయట బడి పిల్లల మధ్యాహ్న భోజనం వండుతున్న విమలమ్మకు వినపడింది. సారు కట్టను వాకిట్లోకి విసిరేశాడు. దారం తెగి బొమ్మలు మట్టిలో చెల్లాచెదురయ్యాయి.

"బీడీలు చుట్టెటోళ్ళకు పుస్తకమిస్తే గిట్లనే ఉంటది! దిమాక్ ఉన్నదా నీకు? నడువు బయటికి. నీ పేరు ఇయ్యాల్నే కొట్టేస్త."

విమలమ్మ గరిటె చేతిలో పట్టుకునే రోడ్డు దాటి వచ్చింది. "ఓ లస్మయ్య బాపూ! కూసున్నవా ఇంక? మీ పిల్లను చెంప పగలగొట్టిండు సారు. బడిలకేలి తీసేస్తడంట."

లస్మయ్య లేచి బడి కిటికీ దగ్గరికి పోయాడు. లోపలికి పోలేదు. అప్పటికే వాగు వైపు నుంచి స్వామిదాసు సారు వస్తూ కనపడ్డాడు. చెప్పులు చేతిలో పట్టుకుని, నీళ్ళు కారుతున్న కాళ్ళతో నేరుగా వరండాలోకి వచ్చి తాడు మీది పుస్తకాలు చూశాడు. రెండు మూడు తీసి పిల్లలకిచ్చి చెప్పమన్నాడు. పిల్లలు పుస్తకాలను వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు.

"పుస్తకాలు వచ్చి ఏడాదైతున్నది. గింత కొత్తగున్నయేంది రాజం సార్?" అన్నాడు స్వామిదాసు సారు.

"జాగ్రత్తగ వాడుతున్నం సార్."

"జాగ్రత్త కనపడుతనే ఉన్నది." ఆయన ఇంకో పుస్తకం కోసం చేయి చాపబోయి, కుర్చీ కింద దాచిన బొక్కల పుస్తకాన్ని చూశాడు. వంగి తీశాడు. "మరి ఇదేంది?"

"అదే సార్ చెప్పవోతున్న. ఈ ఊరోళ్ళకు మంచి వస్తువు ఇయ్యద్దు సార్. ఇగో, ఈ పోరి పని." గుమ్మం బయట బొమ్మలు ఏరుకుని లంగా ఒడిలో పోసుకుంటున్న రమ్యను రెక్క పట్టి లోపలికి లాగాడు. చేతిలో ఉన్న మేకపిల్ల బొమ్మను గుంజుకుని స్వామిదాసు సారుకు చూపించాడు.

స్వామిదాసు సారు బొమ్మను వెనకా ముందూ తిప్పి చూశాడు. అంచులు వేలితో తడిమాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు కొయ్యమన్నరు బిడ్డా?"

రమ్య తల ఎత్తింది. కిటికీ ఊచల వెనక తాత ఉన్నాడు. పిల్ల తాత మొహంలోకి చూసింది. తాత చెప్తాడని చూసింది. లస్మయ్య చూపు దించి తన కాళ్ళు చూసుకున్నాడు. పిల్ల మళ్ళీ తల వంచుకుంది.

"ఎవరూ చెప్పలే," అంది.

స్వామిదాసు సారు బొమ్మను బల్ల మీద పెట్టి, తన బుక్కులో ఏదో రాసుకున్నాడు. రాస్తున్నంతసేపూ లక్ష్మీరాజం సారు మెడ చాచి చూడబోయాడు కానీ ఆయన చేయి అడ్డం పెట్టుకున్నాడు. "బీరువా తాళం చెవి మీ జేబుల ఎందుకు సార్, గోడకు తగిలియ్యిండ్రి" అని, అన్నం కూడా తినకుండా లేచి పోయాడు.

ఆయన వాగు దాటగానే లక్ష్మీరాజం సారు బయటికి వచ్చి కిటికీ దగ్గరున్న లస్మయ్య మీద పడ్డాడు.

"కడుపు చల్లబడ్డదా? నా మీద రాయించినవు గద! ఆ రోజు వాగుల నిలవెట్టి నవ్వించినవు, ఇయ్యాల పిల్లతోని చేయించినవు. రేపటి సంది ఆ పోరి బడి మెట్లెక్కిందంటే టీసీ రాసి చేతుల పెడ్త. నువ్వు ఎవనికి చెప్పుకుంటవో చెప్పుకో. ఓ, మరిచిన. నీకు నోరే లేదు గద!"

లస్మయ్య పిల్ల చేయి పట్టుకుని ఇంటికి నడిచాడు. పిల్ల చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చు ఉంది. దారిలో ఆయన వైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఈరవ్వ సంగతంతా విని, పిల్ల ఒళ్ళోని బొమ్మల్లో ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసింది. బాధపడటం పోయి ముచ్చట పడింది.

"చూసినవా, చెయ్యి ఎంత సాఫ్ ఉన్నదో! నాకు పదేండ్లు పట్టింది గిట్ల కొయ్యనీకి. చదువు రాకపోతే పాయె, దీని బతుకు దీని వేళ్ళల్లనే ఉన్నది." అటక మీది నుంచి చిన్న చాట దించి, దుమ్ము దులిపి, తన చాట పక్కన వేసింది. "రేపటి సంది ఇగో, ఇది నీది."

రమ్య పోయి ఆ చాట ముందు కూర్చుంది. ఏడవలేదు. ఒక ఆకు తీసుకుని రేకు పెట్టింది. లస్మయ్యకు తను పదును పెట్టిన కత్తెర కరకరమంటూ ఆకులో దిగుతున్న చప్పుడు వినపడింది. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఇగో, తినరాదు?" అంది ఈరవ్వ.

"కొయ్యమన్నది నేను," అన్నాడు లస్మయ్య.

"ఏందీ?"

"నేనే కొయ్యమన్న. కత్తెర నేనే ఇచ్చిన."

ఈరవ్వ చేతిలో బీడీ ఆగింది. "మరి ఆడ చెప్పకపోయినవా? అంత పెద్ద సారు అడుగుతుంటే? పిల్ల చెంప వాసిపాయె, ఇప్పుడు నాకు చెప్తున్నవా! థూ నీ మొగతనం పాడుగాను."

లస్మయ్య కంచంలో చేయి కడుక్కుని లేచాడు.

మరునాడు తెల్లవారుతూనే పొయ్యి మీద గిన్నె పెట్టి, మైదాపిండి నీళ్ళలో కలిపి జిగురు వండాడు. రమ్య ఒళ్ళోని బొమ్మలు అడిగి తీసుకున్నాడు. ఇరవై నాలుగున్నాయి. మేకపిల్ల సారు బల్ల మీదే ఉండిపోయింది. డబ్బాలో జిగురు, చేతిలో గుడ్డ ముక్కతో బడి ముందుకు పోయి, రోడ్డు వైపు గోడకు పిల్లల కళ్ళ ఎత్తున ఒక్కొక్క బొమ్మ అతికించడం మొదలుపెట్టాడు. మొదటి బొమ్మకు జిగురు మాత్రం పూసి, చోటు వదిలేసి రెండో దాని నుంచి పెట్టాడు.

బడి పిల్లలు ఒక్కొక్కరే చేరారు. బీడీలు అప్పగించడానికి చాటలు పట్టుకుని పోతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. రమ్య ఇంటి గడపలో నిలబడి చూస్తోంది. లస్మయ్య చేయి ఊపి పిలిచాడు. పిల్ల మెల్లగా వచ్చింది.

"చెప్పు," అన్నాడు.

పిల్ల ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. గాజులమ్మే ఆమె దగ్గర మొదలుపెట్టి, డప్పు దగ్గరికి వచ్చి, మిఠాయి బండి దాకా చెప్పింది. ఎక్కడా ఆగలేదు. పిల్లలు మీద పడి విన్నారు. "గీ పోరికి మాటలొస్తయా!" అని ఒకామె నోరు నొక్కుకుంది.

వాగు దాటి సారు వచ్చాడు. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"ఎవడు చేసిండు ఇది? గోడ సర్కారుది, మీ అయ్య జాగీరనుకున్నరా?"

"కొయ్యమన్నది నేను," అన్నాడు లస్మయ్య, జిగురు చేతులు తుడుచుకోకుండానే. "అతికిచ్చింది నేను. నిన్న చెప్పకపోయింది గూడ నేనే. పిల్లను కొడితివి. నన్ను కొట్టు."

సారు చుట్టూ చూశాడు. ఆడవాళ్ళు కదలలేదు. ఈరవ్వ కూడా చాట చంకలో పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. విమలమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది.

"ఎక్కువ మాట్లాడకు. టీసీ రాసిస్త."

"రాయి. ఎందుకు తీసేస్తున్నవో అది గూడ రాయి. పుస్తకం రెండు దినాలే ఇచ్చిన, తాత కొయ్యమంటే పిల్ల కోసిందని రాయి. ఏలుముద్ర గాదు, నేను దస్కతు పెడ్త. మూడు జమాతులు చదివిన. పట్టుకొని స్వామిదాసు సార్ దగ్గరికి నేనే పోత."

లస్మయ్య ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండలేదు. సారు మొహం కందగడ్డ అయింది. స్వామిదాసు సారు బుక్కు గుర్తుకొచ్చిందో ఏమో, చెప్పులు కింద పడేసి, కాళ్ళకు తొడుక్కుని లోపలికి పోయాడు.

లస్మయ్య వెనకాలే మెట్లెక్కి, రమ్యను మూడో తరగతి వరసలో తన చోట కూర్చోబెట్టాడు. సారు నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డాడు. పొమ్మనలేదు. "పలకలు తీయుండ్రి" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి.

లస్మయ్య గుమ్మంలో ఆగాడు. "మేకపిల్ల నీ బల్ల మీదున్నది. అతికియ్యాలె," అన్నాడు.

సారు వెనక్కి తిరగలేదు.

లస్మయ్య బయటికి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. మొదటి బొమ్మకని వదిలిన చోట పూసిన జిగురు ఎండకు ఆరిపోయింది. డబ్బాలో గుడ్డ ముంచి అక్కడ మళ్ళీ పూశాడు. పూసి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. అది ఆరినప్పుడల్లా లేచి మళ్ళీ పూస్తూ, బడి వదిలే గంట దాకా కూర్చున్నాడు.